తల్లి పేరు తెలియని దరఖాస్తు

1952 జూన్‌లో నన్ను కోనసీమలోని ఒక తాలూకా కచేరీకి రికార్డు కీపరుగా వేశారు. ఏ తాలూకా అన్నది చెప్పను. అప్పటివాళ్ళ మనవలు నాకు తెలిసినవాళ్ళే. తహసిల్దారు కింద హెడ్డుగుమాస్తా, ఆయన కింద నేను. గ్రామ మునసబులు ఏటా పంపే జనన మరణ రిజిస్టర్లు నా అధీనంలో ఉండేవి.

చేరిన నెలకే రెండు కాగితాలు ఒకే రోజు నా బల్ల మీదికి వచ్చాయి. ఒకటి, గడువు తీరిన జనన మరణ రిజిస్టర్లను తగలబెట్టడానికి తయారుచేసిన జాబితా. దాని మీద నా సంతకం కావాలి. రెండోది ఒక మిషను బడిలో పంతులమ్మ సుందరమ్మగారి దరఖాస్తు. ఆవిడ తండ్రి దానియేలుగారు మంచం పట్టారు. ఆయన పుట్టినప్పుడే తల్లి పోయింది. తండ్రి కూలికి రంగూను వెళ్ళి మళ్ళీ రాలేదు. తల్లి పేరేమిటో ఆయనకు చెప్పినవాళ్ళు లేరు. ఇంటి బైబిలు మొదటి పేజీలో పిల్లల పేర్లన్నీ రాసుకుని, పైవరసలో తల్లి పేరు చోటు ఖాళీగా ఉంచారట. కన్ను మూసేలోగా అది నిండాలని ఆయన కోరిక.

హెడ్డుగుమాస్తా ఆ దరఖాస్తును తిప్పి పంపమన్నాడు. 'మృతురాలి పేరు' అన్న గడి ఖాళీగా ఉందట. ఆ పేరు కోసమే కదండీ వచ్చింది అన్నాను.

"పాలేళ్ళకి కూడా వంశవృక్షాలేంటండీ? సంతకం పెట్టి పంపేయండి," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పేరు తెలిసినవాడికి రిజిస్టరుతో పనేమిటి? ఖాళీ గడిలో 'వెతకవలసి ఉన్నది' అని నేనే రాశాను. ఆ దరఖాస్తు తేలేదాకా జాబితా మీద సంతకం పెట్టేది లేదన్నాను. సాయంత్రానికల్లా సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. దానిక్కూడా అదే జవాబు రాసి పంపాను.

వెతకాలంటే ముందు సంవత్సరం తెలియాలి. చర్చిలో బాప్తిస్మం రిజిస్టరు చూసి రమ్మని సుందరమ్మగారికి చెప్పాను. అందులో తల్లి పేరు లేదు గానీ, పిల్లవాడి వయసు మూడేళ్ళని ఉంది. అటో ఏడాది ఇటో ఏడాది వేసుకుని ఆ ఊరి మరణాల రిజిస్టర్లు కిందికి దింపాను. తండ్రి, అంటే మృతురాలి భర్త, పేరు ముత్యాలు. ఆ పేరు పట్టుకుని రెండు రోజులు వెతికితే ఒక్క పద్దూ దొరకలేదు. హెడ్డుగుమాస్తా మొహం వెలిగిపోయింది.

తప్పు నాదే, ఊళ్ళో వాడని పేరుతో వెతికానేమో అనిపించింది. వాళ్ళ పేటలో ముసలమ్మలను కదిపి, ఆ రోజుల్లో తమవాళ్ళను ఊళ్ళో ఏమని పిలిచేవారో కనుక్కోమని సుందరమ్మగారితో అన్నాను. ఆవిడ మర్నాడు వచ్చి నెమ్మదిగా చెప్పారు:

"పేరు పెట్టి ఎవరు పిలిచేరమ్మా అంటున్నారండీ. ఫలానా రైతుగారి పాలేళ్ళు అనేవారంతేనంటండి. మా తాత పెదకాపుగారి కమతంలో ఉండేవాడంటండి."

అప్పుడు తట్టింది. మునసబు భర్త పేరు గడిలో రైతు పేరు రాసి ఉంటాడు. అలా వెతికితే గంటలో దొరికింది: 'నూకాలు, పెదకాపు పాలేరు పెళ్ళాం, కాన్పులో మరణం.' అయితే ఒక్క పద్దును నమ్మకూడదు. జననాల రిజిస్టరు తీశాను. అదే రోజు, అదే రైతు పేరు కింద, మగ శిశువు. రెండూ సరిపోయాయి.

నకలు రాసి నేనే తహసిల్దారుగారి ముందు పెట్టాను. ఆయన రెండు పద్దులూ చదివి ముద్ర వేయించారు.

సుందరమ్మగారికి అది ఇస్తూ జాగ్రత్తలు చెప్పాను. మైదా జిగురుతో అంటించవద్దు, పురుగు పడుతుంది. మడత పెట్టకుండా, ఎండిన వేపాకు వేసి, బట్టలో చుట్టి రేకు పెట్టెలో పెట్టండి. ముసలమ్మలు చెప్పింది కూడా, ఎవరు ఎప్పుడు చెప్పారో వేసి, వేరే కాగితం మీద రాయండి. వరదలొచ్చే దేశం మనది. ఇంకో రెండిళ్ళలో నకళ్ళు ఉంచండి. "ఆయ్, అలాగేనండి," అన్నారు. వెళ్తూ వెళ్తూ హెడ్డుగుమాస్తా బల్ల దగ్గర ఆగారు.

"మా నాయనమ్మ పేరు నూకాలండి," అని చెప్పి మెట్లు దిగారు.

నెల తిరక్కుండా నన్ను గోదావరి అవతల రామచంద్రపురం వేశారు. నా తరవాత వచ్చినాయన జాబితా మీద సంతకం పెట్టాడు, రిజిస్టర్లన్నీ కాలిపోయాయి. నూకాలు పేరు ఇప్పుడు ఆ ఇళ్ళల్లో దాచిన కాగితాల్లో తప్ప ఎక్కడా లేదు. నలభై ఏళ్ళు రికార్డు గదిలో పనిచేసినవాణ్ణి చెబుతున్నాను, కచేరీని నమ్ముకోకండి. మీవాళ్ళ పేర్లు మీరే రాసి పెట్టుకోండి. ముందు ఆడవాళ్ళవి రాయండి.