రెండూ చూసొద్దాం పద

మే నెల మధ్యాహ్నం గురుగ్రామ్ బజారులో నడుస్తూ ఒక కొట్టు ముందు ఆగిపోయాను. కొట్టతను కూలరుకు వట్టివేళ్ళ తడిక బిగించి, దాని మీద మగ్గుతో నీళ్ళు చల్లుతున్నాడు. తడిసిన వేళ్ళ వాసన వడగాలిలో కలిసి ముఖానికి తగిలింది. ఇప్పుడు మా ఇంట్లోనూ ఆఫీసులోనూ ఏసీలే. ఆ వాసన పీల్చి ఎన్నేళ్ళయిందో. “కూలర్ చాహియే, మేడమ్?” అని అతను అడిగితే వద్దని తల ఊపాను కానీ, అక్కణ్ణుంచి కదల్లేకపోయాను. ఢిల్లీ ఆర్.కె. పురంలో మా పాత క్వార్టర్ల కింది అంతస్తులో, సుగుణ ఆంటీ ముందుగదిలో అచ్చంగా ఇదే వాసన ఉండేది.

సుగుణ ఆంటీది పాలకొల్లు దగ్గర పల్లె. నర్సుగా ఢిల్లీ వచ్చి, ఒక పెద్ద ఆసుపత్రిలో మేట్రన్ దాకా ఎదిగింది. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం తెలుగు చర్చిలో ఆమె గొంతు అందరికంటే పైకి వినిపించేదని అక్కడికి వెళ్ళేవాళ్ళు చెప్పేవాళ్ళు. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం కాదు కానీ, ఆవిడ వండిన చేపల పులుసు మాత్రం వారం వారం మా ఇంటికి వచ్చేది. కాలనీలో అందరికీ ఆవిడంటే కాస్త భయం. ఏదైనా సలహా అడిగితే జవాబు రాదు, ఎదురు ప్రశ్న వస్తుంది. తొమ్మిదో తరగతిలో నా పొడుగు జడ కత్తిరించుకోనా అని అడిగాను. “ఎవరి కోసమే?” అంది. ఎంతసేపు ఆలోచించినా నాకోసమే అని తేలింది. కత్తిరించుకున్నాను. ఆ తరవాత కొన్నాళ్ళు మా అమ్మ ఆవిడ చేపల పులుసు తీసుకోలేదు.

పన్నెండో తరగతి అయిన వేసవిలో నాకు రెండు లా కాలేజీల్లో సీటు వచ్చింది. ఒకటి ఢిల్లీ శివార్లలో, పేరు చెబితే ఎదుటివాళ్ళు కుర్చీలో సర్దుకుని కూర్చునే యూనివర్సిటీ. ఫీజు మాత్రం మా నాన్న జీతానికి అందేది కాదు. రెండోది రాజస్థాన్ సరిహద్దు దాటాక, అప్పుడప్పుడే మొదలైన కాలేజీ. చదువు, హాస్టల్, పుస్తకాలు అన్నీ వాళ్ళే భరిస్తామన్నారు. నాన్న ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. పెద్ద యూనివర్సిటీ కబురు తెలిసిన రోజే ఆఫీసంతా లడ్డూలు పంచేశారు. “తెనాలిలో స్థలం అమ్మేద్దాం. రిటైరయ్యాక ఇల్లు ఎక్కడైనా అద్దెకు దొరుకుతుంది, ఇలాంటి సీటు దొరుకుతుందా?” అన్నారు. ఆ స్థలం కొనడానికి ఆయన ఏళ్ళ తరబడి స్కూటరు కూడా కొనుక్కోకుండా బస్సుల్లోనే తిరిగారు. వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు పెరిగింది. నిజం చెప్పాలంటే నాకూ ఆ పెద్ద పేరే కావాలనిపించింది. అలా అనిపించినప్పుడల్లా స్థలం గుర్తొచ్చి అన్నం సహించేది కాదు.

ఆంటీ దగ్గరికి వెళ్ళి అంతా హిందీలో గడగడా చెప్పేశాను. ఇంట్లో తెలుగు వింటూ హిందీలో జవాబిచ్చే పిల్లల్లో నేనూ ఒకదాన్ని. ఆవిడ కూలరు పక్కన కూర్చుని మల్లెలు కడుతోంది.

“అచ్ఛా. రెండూ చూశావా?”

“చూడ్డానికేముంది ఆంటీ? సబ్ కో పతా హై, ఏది మంచిదో.”

“సబ్ కో తెలిస్తే నా దగ్గరికెందుకొచ్చావే? చూడకుండా చీర కూడా కొనం. ఐదేళ్ళు ఉండే చోటు కొనేత్తావా? రెండూ చూసొద్దాం పద.”

ముందు పెద్ద యూనివర్సిటీకి వెళ్ళాం. అద్దాల లైబ్రరీ, పచ్చిక, ఇంగ్లీషు గలగలలు. వెళ్ళేముందు కంటే నాకు మరింత కావాలనిపించింది. క్యాంటీన్లో ఆంటీ ఒక అమ్మాయిని పిలిచి కూర్చోబెట్టుకుంది. “బేటీ, పాఠం అర్థం కాకపోతే ఎవర్ని అడుగుతావు?” అంది తన హిందీలో. ఆ అమ్మాయి మంచిగానే మాట్లాడింది. సార్లందరూ పెద్దవాళ్ళనీ, క్లాసయ్యాక దొరకరనీ, సీనియర్ల నోట్సు ఉంటుందనీ, అందరూ ఎలాగో నెట్టుకొస్తారనీ చెప్పింది. ఆంటీ ఆమెకు టీ ఇప్పించి లేచింది.

రెండోదానికి ధౌలా కువాఁ స్టాపులో బస్సెక్కాం. దిగేసరికి నోట్లో దుమ్ము. సగం కట్టిన భవనం, బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు, లైబ్రరీ అని రాసిన ఒక గది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆంటీ అది గమనించింది. ఒక క్లాసు నడుస్తుంటే అడిగి వెనక బల్ల మీద కూర్చున్నాం. మాథుర్ మేడమ్ అనే ఆవిడ అద్దె ఇంటి తగాదా ఒకటి చెబుతూ, ఉన్నట్టుండి నన్ను చూసి, “నువ్వు ఇంటి యజమాని తరఫున మాట్లాడు” అంది. నేను తడబడుతూ ఏదో అన్నాను. ఆవిడ కాదంది. నేను మళ్ళీ అన్నాను. మూడోసారికి నాకే తెలియకుండా లేచి నిలబడ్డాను. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. తరవాత నలుగురైదుగురు పిల్లలు ఆవిడ వెంటే మాట్లాడుకుంటూ ఆవిడ గదిలోకి వెళ్ళారు. తలుపు మూసుకోలేదు. ఆంటీ ఇక్కడ ఎవర్నీ ఏమీ అడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, “చెప్పండి ఆంటీ, ఏది?” అన్నాను.

“నేనెందుకు చెప్తానే? అక్కడ ఉండేది నువ్వు.” కిటికీలోంచి చూస్తూ అంది. “నేనీ ఊరొచ్చినప్పుడు హిందీ ఒక్క ముక్క రాదు. వార్డులో ఒక మలయాళీ సిస్టరు ఉండేది. ఎన్నిసార్లడిగినా విసుక్కునేది కాదు. ఆవిడ లేకపోతే మొదటి నెల్లోనే రైలెక్కేసేదాన్ని.”

ఇంటికొచ్చి, రెండో కాలేజీకే వెళతానని నాన్నకు చెప్పాలి. ఆంటీ నాతోపాటు పైకి వచ్చింది. సంగతి వినగానే నాన్న ముఖం ఎర్రబడింది. “నా బిడ్డ కోసం ఒక స్థలం అమ్మలేనా? ఎవరో ఊరికే ఇస్తామంటే పంపేస్తానా?”

“అమ్మగలరు రావుగారూ, మీ సంగతి తెలీదా? స్థలం కోసమైతే నేనే వద్దందును. దాన్నే అడగండి, ఎందుకో.”

అందరూ నా వైపు చూశారు. బస్సులో సిద్ధం చేసుకున్న మాటలన్నీ పోయాయి. “నాన్నా, అక్కడ ఆ మేడమ్ నాతో వాదించింది. ఇంకా వాదించాలనిపించింది” అన్నాను. తెలుగులోనే అన్నాను. నాన్న పేపరు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. కాలేజీకి బయల్దేరిన రోజున కూడా ముభావంగానే ఉన్నారు. కానీ ట్రంకుపెట్టె ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే బస్సుపైకి ఎక్కించారు.

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. హాస్టల్లో రోజూ నీళ్ళ కరువే. పెద్ద యూనివర్సిటీలో చేరిన నా స్కూలు స్నేహితురాలు సెలవుల్లో తన సంగతులు చెబుతుంటే వినలేక లేచి వెళ్ళిపోయేదాన్ని. మొదటి ఏడాది ఒకసారి ఎస్.టి.డి. బూత్ నుంచి ఆంటీకి ఫోన్ చేసి ఏడ్చాను. “వచ్చేయాలనుందా? రా, నేనే వచ్చి తీసుకొస్తాను. ఎవరూ ఏమీ అనరు. ఇంతకీ అర్థం కానిది మేడమ్‌ని అడిగావా?” అంది. అడగలేదు. వెళ్ళి అడిగాను. ఆ ఐదేళ్ళలో మేడమ్ గదిలో కూర్చున్నంతసేపు నేను ఇంకెక్కడా కూర్చోలేదు.

పట్టా తీసుకున్న రోజు నాన్న ఇస్త్రీ మడత నలగని కోటు వేసుకుని వచ్చారు. మాథుర్ మేడమ్ ఆయనతో, “మీ అమ్మాయి ఒప్పుకోదండీ, ఏదీ ఒక పట్టాన ఒప్పుకోదు” అంది నవ్వుతూ. నాన్న ఆ మాటను లడ్డూల కంటే ఎక్కువగా ఆఫీసంతా పంచారని తరవాత అమ్మ చెప్పింది. రిటైరయ్యాక తెనాలి స్థలంలో రెండు గదులు కట్టుకున్నారు. అప్పటికే రిటైరై పాలకొల్లు వెళ్ళిపోయిన ఆంటీ గృహప్రవేశానికి వచ్చింది. ఆవిడ పోయి ఇప్పటికి కొన్నేళ్ళయింది.

నేనిప్పుడు జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది కోర్టు గడప ఎన్నడూ తొక్కనివాళ్ళు. వాయిదాకు ముందు వాళ్ళను ఒకసారి అక్కడికి తీసుకెళతాను. మొన్న ఒక పెద్దావిడ వచ్చింది. కొడుకు ఇల్లు రాయించుకుని బయటికి గెంటేస్తే పోరాడుతోంది. కోర్టు అనగానే లేచి వెళ్ళిపోబోతుంది. ఆ రోజు కోర్టు పని ముగిశాక ఖాళీగా ఉన్న కోర్టు హాల్లోకి తీసుకెళ్ళాను. నిలబడవలసిన చోటు చూపించాను. ఆవిడ చెక్క బోను అంచు పట్టుకుని, జడ్జిగారి కుర్చీ వైపు చాలాసేపు చూసింది.

“బస్, ఇత్నా హీ?” అంది.

“ఇంతే, అమ్మా” అన్నాను.

ఆవిడ పైట సర్దుకుని, గొంతు సవరించుకుని, ఆ ఖాళీ కుర్చీతో తన పేరు చెప్పింది.