మైకు మేస్త్రి మింగిన చరణం

మేస్త్రిది కుళాయిలు, పైపులు బాగుచేసే పని. కింద వాల్వు తిప్పి "నీళ్లొచ్చాయా?" అని ఆయన కేకేస్తే పై అంతస్తు వాళ్లే కాదు, పక్క భవనం వాళ్లు కూడా "ఇంకా రాలేదు" అని జవాబు చెప్పేవారు. అందుకే ఆయనకు మైకు మేస్త్రి అన్న పేరు స్థిరపడిపోయింది.

ఆదివారం ఆ గొంతు చర్చికి అంకితం. అది చిన్న చర్చి, వాయిద్యాలు లేవు. పాటల పుస్తకాలున్నా కళ్లజోడు ఇంట్లో మరిచి వచ్చే జనమే ఎక్కువ. అందరూ మేస్త్రి నోటి నుంచి మాట అందుకుని, ఆయన వెనకాలే పాడుకుంటూ పోయేవారు. ఆయన దగ్గితే పాట కూడా ఆగి దగ్గేది.

మేస్త్రి తమ్ముడూ అదే పని చేసేవాడు. ఇద్దరికీ పనిముట్ల సంచి ఒకటే. ఆ తమ్ముడికి జబ్బు చేసింది. చర్చంతా ప్రార్థించింది. అందరికన్నా గట్టిగా మేస్త్రి ప్రార్థించాడు. తమ్ముడు దక్కలేదు.

అప్పట్నుంచి మేస్త్రికి అనుమానం పట్టుకుంది. కోపమైతే నాలుగు తిట్టి ఊరుకునేవాడు. అనుమానం గోడలో చెమ్మ లాంటిది, ఎక్కడ మొదలైందో తెలియదు గానీ గోడంతా పాకుతుంది. పైపు అతికించాక నీళ్లు వదిలి, చేత్తో తడిమి చూసుకుంటే తప్ప "కారదు" అని మాట ఇవ్వని మనిషాయన. అలాంటివాడు "దేవుడు నా మొర విన్నాడు" అని ఏ ధైర్యంతో పాడతాడు? బాగా ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాడు. నమ్మిన చరణాలు పాడాలి, నమ్మని ఆ ఒక్క చరణం మింగెయ్యాలి. అంతమందిలో ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు.

అందరికీ తెలిసింది. ఆ చరణం దగ్గర ఆయన నోరు మూశాడో లేదో, చర్చి మొత్తం టక్కున ఆగిపోయింది. పాస్టరు గారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ముందు వరసలో ఒక తాతగారు పాట అయిపోయిందనుకుని "ఆమేన్" అని కూర్చున్నారు. ఆయన్ని చూసి మరికొందరు కూర్చున్నారు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది.

"ఇక నేను చర్చికి రాను," అన్నాడు ఇంటికొచ్చి. "నమ్మకం లేనివాణ్ణి ముందు నిలబడి అంతమందిని మోసం చెయ్యడమెందుకు?"

"మీరు నోరు తెరిచినా గోలే, మూసినా గోలే," అంది భార్య. పైకి అలా అంది గానీ ఆమెకు గుండెల్లో రాయి పడింది. ఆయన అన్నంత పనీ చేసే రకం. మర్నాడు పొద్దున్నే, "మీ మరదలి వంటింట్లో కుళాయి కారుతోందట, చూసి రండి," అని సంచి చేతికిచ్చింది.

తమ్ముడి భార్య తలుపు తీసింది. మేస్త్రి కుళాయి తిప్పి చూశాడు, కట్టి చూశాడు. చుక్క రాలలేదు.

"దానికేం రోగం లేదు బావగారూ," అంది మరదలు. "మిమ్మల్ని రప్పించమని అక్కకు నేనే చెప్పాను. కూర్చోండి."

సంచి కింద పెట్టి కూర్చున్నాడు.

"ఆయన పోయాక నేను ఒక్క పాట కూడా పాడలేదు. పెదాలు కదిపేదాన్నంతే. మీ గొంతు వినబడుతుంటే, ఇవాళ్టికి నా వంతు కూడా బావగారే పాడుతున్నారులే అనుకునేదాన్ని. అలాగే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను."

మేస్త్రి తలెత్తి, "నా దగ్గరే లేనిది నీకెలా అందిందమ్మా?" అన్నాడు.

"మీ దగ్గరుందో లేదో నేను అడిగానా? నాకైతే అందింది. ఇప్పుడు కాస్త గొంతు పెగులుతోంది. ఆ చరణం వచ్చినప్పుడు మీరు ఊరుకోండి, నేను పాడతాను. రావడం మాత్రం మానకండి."

ఆదివారం మేస్త్రి వెళ్లాడు. ఆ చరణం దగ్గర ఆగాడు. జనం కూర్చోవాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటుండగా ఆడవాళ్ల వైపు నుంచి మరదలి గొంతు లేచింది. ఆ శ్రుతి ఎక్కడ దొరికిందో ఆమెకే తెలియాలి. తాతగారు ఉలిక్కిపడ్డారు. "విన్నాడు" అనే మాట దగ్గర ఆ గొంతు వణికింది, అయినా ఆగలేదు. మేస్త్రికి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన గొంతు తగ్గించి, ఆమె నోటి నుంచి ఒక్కో మాటే అందుకుంటూ, ఆమె వెనకాలే పాడాడు. ఆయన వెనక చర్చంతా పాడింది, ఆ తప్పు శ్రుతిలోనే.

బయటికొస్తుంటే పాస్టరు గారు భుజం మీద చెయ్యి వేశారు. "ఏం మేస్త్రీ, నమ్మకం కుదిరినట్టేనా?"

"అతుకు ఇంకా ఆరలేదండీ," అన్నాడు మేస్త్రి. "ఆరేదాకా కదపకూడదు. వచ్చే వారం కూడా వస్తాను."