అక్క సాక్ష్యం

తొంభైల చివర్లో నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. అక్కని కడియం దగ్గర మొక్కల నర్సరీ ఉన్నవాళ్ళింట్లో ఇచ్చారు. బావ చెయ్యి చేసుకుంటాడని మా అందరికీ తెలుసు. ఆ మాట ఎత్తితే చాలు, అమ్మ వంటింట్లో ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క ఒక్కతే బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. కుడిచెయ్యి పైటకొంగులో చుట్టి పట్టుకుంది. ఆకలేస్తోంది, అన్నం పెట్టమంది. ఎడంచేత్తో కలుపుకుంటుంటే అనుమానం వచ్చి కొంగు తీశాను. మోచేతి కింద ఎముక వంగిపోయి ఉంది.

"దేంతో కొట్టాడక్కా?"

"పార కర్రతో. అంటుమొక్కలకి నీళ్ళు పెట్టడం మర్చిపోయాన్లే."

పెద్దాసుపత్రిలో డాక్టరుగారు కట్టు కట్టి పోలీసులకి కబురు చేశారు. హెడ్ కానిస్టేబుల్ వచ్చి మంచం పక్కన కూర్చుని అడిగితే అక్క ఏదీ దాచలేదు. పెళ్ళయిన కొత్తలో పడ్డ మొదటి దెబ్బ దగ్గర్నుంచీ చెప్పింది. కుడిచెయ్యి కట్టులో ఉండటంతో ఎడంచేత్తోనే సంతకం పెట్టింది. ఇక అక్క బయటపడినట్టే అనుకున్నాను.

బావని అరెస్టు చేశారు. బెయిలు మీద వచ్చాడు. ఈలోగా అత్తగారు అక్క కూతుర్ని తీసుకుని పెనుగొండలో తన పుట్టింటికి వెళ్ళిపోయింది. కేసు ఉన్నన్నాళ్ళూ పిల్ల మొహం చూడవని కబురు పంపింది. చేతి కట్టు విప్పకముందే అక్క బావ దగ్గరికి తిరిగి వెళ్ళిపోయింది.

తర్వాత నన్ను వెంటబెట్టుకుని ప్రభుత్వ ప్లీడరుగారి దగ్గరికి వచ్చింది. "కేసు తీసేయండి బాబూ," అంది.

"ఇప్పుడిది ప్రభుత్వం కేసమ్మా. మీరొద్దంటే ఆగిపోదు. జరిగింది జరిగినట్టు చెప్పండి, చాలు," అన్నారాయన.

బయటికొచ్చాక, పిల్లని కూడా కోర్టు ద్వారానే తెచ్చుకుందాం అన్నాను.

"ఎప్పటికే?" అంది.

విచారణ రోజు అక్క బోనెక్కింది. నర్సరీలో తడినేల మీద జారి పడ్డానని చెప్పింది.

"మీ ఆయన కొట్టాడని పోలీసులకి చెప్పారుగా?" అన్నారు ప్రభుత్వ ప్లీడరుగారు.

"చెప్పలేదండి."

"మరి ఈ సంతకం?"

అక్క ఆ వంకర అక్షరాల వైపు చూసింది. "నాది కాదండి. నేనిలా పెట్టను."

సాక్షి ఎదురు తిరిగిందని జడ్జిగారికి చెప్పి ఆయన గుచ్చి గుచ్చి అడిగారు. అన్నిటికీ లేదండి, లేదండి అంటూనే ఉంది.

తర్వాత నన్ను పిలిచారు. చూసినదంతా చెప్పాను. బావ తరఫు ప్లీడరు లేచాడు.

"కొడుతుంటే మీరు చూశారా?"

"లేదండి. అక్క చెప్పింది."

"ఆవిడ జారి పడ్డానంటున్నారు కదండీ."

నేను అక్క వైపు తిరిగాను. అక్క నన్ను చూడటం లేదు. గుమ్మం అవతల వరండాలో అత్తగారు పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఆ రోజే తీసుకొచ్చారు. అక్క కళ్ళు అక్కడే ఉన్నాయి.

పడినా ఎముక అలా విరగొచ్చని డాక్టరుగారు ఒప్పుకున్నారు. కేసు కొట్టేశారు.

మెట్ల దగ్గర అక్కని ఆపి, ఎందుకిలా చేశావని అడిగాను.

"సాయంత్రానికి నువ్వు మీ ఇంటికెళ్ళిపోతావు. నేనూ మా ఇంటికే వెళ్ళాలి కదే," అని పిల్లని చంకనెత్తుకుని బావ వెనక నడిచింది.

ఆ తర్వాత నన్ను వాళ్ళ గుమ్మం తొక్కనివ్వలేదు. కొన్నేళ్ళకి మా పిన్ని కూతురి పెళ్ళిలో అక్క కనిపించింది. ఎడంపక్కన కూర్చుని పిల్ల ఏం చదువుతోందని అడిగాను. పలకలేదు. ఇంకా కోపమేమో అనుకుని భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడి మొహం ఇటు తిప్పింది.

"ఆ చెవి వినపడదే. ఇటొచ్చి కూర్చో."

"ఎప్పట్నుంచక్కా?"

"తలంటు పోసుకుంటుంటే నీళ్ళు పోయాయి."

డాక్టరు దగ్గరికి వెళ్దామనబోయాను. ఆయనా ఎలా జరిగిందనే అడుగుతాడు. ఎదురు వరసలో బావ మమ్మల్నే చూస్తున్నాడు. లేచి అక్క కుడిపక్కకి వెళ్ళి కూర్చున్నాను. పిల్ల ఏం చదువుతోందని మళ్ళీ అడిగాను.