చెంగు కింద చెప్పిన మాట

మా కాలేజీ లైబ్రరీ మెట్ల కింద విరిగిన కుర్చీలు పడేసే గది ఒకటి ఉండేది. మా లెక్చరర్ మేడమ్ దాన్ని ఖాళీ చేయించి, రెండు బల్లలూ ఒక ఫ్యానూ వేయించి, చదువులో వెనకబడ్డ డిగ్రీ పిల్లలకు సాయం చేసే చోటుగా మార్చారు. పీజీ చదివే మేము వాళ్లకు పాఠాలు చెప్పాలి. నన్ను అడిగినప్పుడు వద్దందామనే అనుకున్నాను. పదిమంది ముందు నిలబడితే నాకు నోరు లేవదు. ఒక్కరి పక్కన కూర్చుంటే చాలన్నారు మేడమ్. ఒక్కరైతే ఫరవాలేదనిపించింది. పుస్తకం కూడా ఒక్కసారి ఒక్కరితోనే కదా మాట్లాడేది.

అలా దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎల్బీనగర్ వచ్చేదాకా ఏదో ఒక నవల చదువుకుంటూ, వారానికి రెండు మధ్యాహ్నాలు ఆ గదికి పోవడం మొదలుపెట్టాను.

ఒకమ్మాయి మొదటిసారి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఫ్రెండ్ కోసం వచ్చానంది. తర్వాతి వారం కూడా ఫ్రెండ్ కోసమే వచ్చింది. ఆ ఫ్రెండ్ ఎవరని నేను అడగలేదు. మూడోసారి లోపలికొచ్చి, బ్యాగులోంచి ఎకనామిక్స్ పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, తల దించుకుని కూర్చుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇక్కడ పుస్తకాలన్నీ ఇంగ్లీషు. మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. హాస్టల్లో వాళ్లకు లైబ్రరీకి పోతున్నానని చెప్పి ఈ గదికి వచ్చేది.

ఒక పేరా చదివాక పుస్తకం మూసి, వాళ్లమ్మకు చెప్పినట్టు నాకు చెప్పమనేదాన్ని. సరఫరా పెరిగితే ధర ఎందుకు తగ్గుతుందో ఇంగ్లీషులో పేజీన్నర ఉంది. ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది, మామిడికాయ ఒక్కసారే మస్తుగ ఒస్తే రేటు పడిపోతదని. వాళ్ల నాన్న బాటసింగారం పండ్ల మార్కెట్‌లో హమాలీ. ఆ ఒక్క ముక్కనే ఇద్దరం కలిసి మెల్లగా ఇంగ్లీషులో రాసుకునేవాళ్లం. వాక్యం కుదిరినప్పుడు ఆమె పెన్ను మూత పెట్టి, మళ్లీ తీసి, దాని కింద ఒక గీత గీసేది.

నాన్న మార్కెట్లో కనబడ్డవాళ్లందరికీ నా బిడ్డ డిగ్రీ చదువుతోందని చెప్పుకుంటాడట. తప్పిన సంగతి ఇంట్లో తెలియదు. తెలిసేలోగా రెండూ పాసైపోవాలి, అదీ ఆమె లెక్క. మీరెన్నడన్న ఫెయిలయిన్రా అక్కా అని అడిగింది ఒకసారి. వైవాలో ప్రశ్నలన్నిటికీ జవాబు తెలిసీ ఒక్క మాట పెగలక బయటికొచ్చేసిన సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వి, తర్వాత తన టిఫిన్ డబ్బాలోంచి సగం జామకాయ నా వైపు జరిపింది.

గదికి అయ్యే జిరాక్సుల ఖర్చు మేడమ్ తన పర్సులోంచే పెట్టుకునేవారు. రోజూ సాయంత్రం తెరవాలనీ, అమ్మాయిల హాస్టల్లో రెండో గది పెట్టాలనీ ఆవిడ కోరిక. దాతల కోసం రెండేళ్లుగా తిరుగుతున్నారు. చివరికి ఒకావిడ వచ్చి చూస్తానన్నారు. బాటసింగారంలో కమీషన్ దుకాణం నడిపే ఆమె. మార్కెట్‌లో అందరూ సేటమ్మ అంటారట.

దాత వస్తుంటే మా దగ్గర శాలువా ఉండాలి, దండ ఉండాలి, ఫ్లెక్సీ ఉండాలి. మేడమ్ అన్నీ తానే దగ్గరుండి చూసుకున్నారు. ఆ ఉదయం కాలేజీకి వచ్చేసరికి గేటుకి నిలువెత్తు ఫ్లెక్సీ కట్టి ఉంది. పైన సేటమ్మ చేతులు జోడించి నవ్వుతున్నారు. కింద మా గదికి వచ్చే నలుగురు పిల్లల ఫోటోలు. ఒక్కో ఫోటో కింద అప్పుడు వచ్చిన మార్కులు, ఇప్పుడు స్లిప్ టెస్టులో వచ్చిన మార్కులు. మూడో ఫోటో ఆ అమ్మాయిది.

ఆమె రోడ్డుకి అవతల, బస్టాపులో, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఏడవలేదు. గేటువైపే చూస్తూ అంది.

"మా నాయన పోయే బస్సు గీడికెల్లే పోతదక్కా. ఆయినకు చదువు రాదు. నా మొఖం గుర్తుపట్టడా?"

మార్కులేంటో పక్కనున్నవాళ్లు చదివి చెప్తారు. పైగా వస్తున్నది ఆ మార్కెట్ సేటమ్మే. నాన్న నోట అబద్ధమాడించినట్టయింది, ఇగ చదువు బంద్ చేస్తానంది. నాకు ఓదార్చడం రాదు. ఆమె సంచి పట్టీ పట్టుకుని కూర్చున్నాను. బస్సొచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది.

మేడమ్ దగ్గరికి పోయాను. నోరు తెరిచేలోపే ఆవిడకు అర్థమైంది, ముఖం చిన్నబోయింది. అయినా గేటువైపు కదల్లేదు.

"మొహాలు చూపించకుండా ఎవరిస్తారమ్మా? ఎన్ని గుమ్మాలెక్కానో నీకు తెలీదు. ఈవిడ కూడా వెనక్కి పోతే ఉన్న గదీ ఉండదు."

అదీ నిజమే. వచ్చి గదిలో బల్లలు తుడిచాను.

సేటమ్మ పదకొండింటికి వచ్చారు. జరీ అంచు చీర, పాదాలకు మామూలు హవాయి చెప్పులు. శాలువా కప్పబోతే, ఉక్కపోస్తుంది తర్వాత కప్పండన్నారు. నేరుగా గదిలోకి వచ్చారు. బల్లలున్నాయి, ఫ్యాను తిరుగుతోంది, పిల్లలు లేరు. ఫోటోల్లో ఉన్న నలుగురిలో ఒక్కరూ రాలేదు. మేడమ్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తూ వరండాలోకి వెళ్లారు. గదిలో సేటమ్మా నేనూ మిగిలాం.

"పిల్లలేరి బిడ్డా?"

ఎదురుగా ఉన్నది ఒక్కరే. బల్లకేసి చూస్తూ చెప్పాను.

"ఫెయిలయ్యామని ఎవరికీ తెలియకూడదని ఈ గదికొస్తారమ్మా. గేటు మీద మార్కులు పెట్టాం. ఇక రారు."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తర్వాత వాళ్ల మామగారి సంగతి ఎత్తుకున్నారు. మార్కెట్ కొత్తపేటలో ఉన్న రోజుల్లో ఆయన తువ్వాలు కింద బేరం చేసేవాడట. ఇద్దరూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది నిలబడ్డా ఒక్కరికీ తెలియదు.

"మంచి పద్ధతంటలేను. రైతును ముంచెటోళ్లు గూడ గా తువ్వాల కిందనే ముంచిన్రు. బంద్ వెట్టుడే మంచిదైంది. గానీ ఒక్కటుండె బిడ్డా. నీ కాయకు తక్కువ పలికిందని పక్కోనికి తెల్వకపోతుండె."

చీర చెంగు తీసి తన చేతి మీద వేసుకుని, నా చెయ్యి కూడా కిందికి తీసుకున్నారు. గరుకుగా, వెచ్చగా ఉంది ఆ చెయ్యి. వారానికి ఎన్ని దినాలు తెరవాలో చెప్పమన్నారు. నోటితో కాదు. నేను నాలుగు వేళ్లు నొక్కాను. ఆవిడ నా ముఖంలోకి చూస్తూ ఊరుకున్నారు. ఇంకో వేలు నొక్కాను. ఇంకా చూస్తూనే ఉన్నారు. చివరికి ఆదివారం తప్ప అన్ని రోజులూ అడిగేశాను. జీవితంలో నేను చేసిన బేరం అదొక్కటే.

"హాస్టల్లో కూడానమ్మా," అన్నాను. అది మాత్రం నోటితోనే వచ్చింది.

మేడమ్ లోపలికొచ్చేసరికి ఆవిడ లేచి నిలబడి ఉన్నారు. రెండు గదుల ఖర్చూ తాను చూసుకుంటానని, గేటు మీద మాత్రం ఎవరి ముఖమూ వద్దని, తనది కూడా వద్దని చెప్పారు. మేడమ్ తానే కుర్చీ తీసుకెళ్లి, గేటు దగ్గర ఎక్కి, తాళ్లు విప్పారు. నేను కుర్చీ పట్టుకున్నాను. దిగాక, ఆ పిల్లకి నా తరఫున కూడా సారీ చెప్పమ్మా అన్నారు మెల్లగా.

ఖాళీ గేటు ఫోటో తీసి ఆ అమ్మాయికి పంపాను. కింద ఏం రాయాలో తెలియక ఏమీ రాయలేదు. చూసినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. ఎన్నోసార్లు ఫోన్ తీసి చూసుకున్నాను. డైరీలో కూడా ఆ రోజుల్లో పెద్దగా ఏమీ రాయలేదు, ఇవాళా రాలేదు అని తప్ప.

హాస్టల్ గది తయారైంది. నేల చెమ్మగా ఉందని వాచ్‌మన్ మా ఫ్లెక్సీనే బోర్లా పరిచి, దాని మీద చాప వేశాడు. మొదటి సాయంత్రం చాప మీద నేనొక్కదాన్నే కూర్చుని నవల చదువుకుంటున్నాను. తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది.

ఆమే. ఇంటికెళ్లి నాన్నకు తానే చెప్పిందట. బస్సులో ఎవరన్నా చెప్పకముందే చెబ్దామని. ఈ పొద్దున మార్కెట్‌కు పోతూ ఆయనే హాస్టల్‌కు దింపి పోయాడట.

చాప అంచు ఎత్తి కింద ఏముందో చూసింది.

"అక్కా, నా మీద నేనే కూసుంటున్న," అని పుస్తకం తీసింది.

రెండు పేరాలు చదివామో లేదో, గుమ్మం దగ్గర ఎవరో కొత్త పిల్ల నిలబడింది. ఫ్రెండ్ కోసం వచ్చానంది. నేనేదో అనబోయేలోగా ఆమె చాప మీద కొంచెం పక్కకు జరిగి, ఇటు రా, ఫ్రెండ్ ఒచ్చేదాక కూసో అంది.