మా గిర్ని వెబ్‌సైట్ మాదేనని

2024, ఎండాకాలం మొదలు. బాన్సువాడలో మా కారం పట్టే గిర్ని ముందు ఎండుమిర్చి బస్తాలు దిగే రోజులవి. గిర్ని పెట్టింది నా భర్త. కారం, పసుపు కొరియర్‌లో పంపడానికి వెబ్‌సైట్ చేయించిందీ ఆయనే. ఆయన పోయినప్పటి నుంచి నేనే నడుపుతున్నాను. నా చదువు సంతకం వరకే, అందుకని నోటితో చెబుతున్నాను. రాసిపెడుతున్నది శిరీష. మా దగ్గర మిరపకాయల తొడిమలు తీసే లక్ష్మి కూతురు. హైదరాబాద్‌లో వెబ్‌సైట్ల భద్రత పరీక్షించే ఉద్యోగం చేస్తుంది.

ఆ పొద్దున ఒక గిరాకీ ఫోన్ చేసి కసిరాడు. "ఏందమ్మా, కారం కొందామని తెరిస్తే జూదం ఆట వస్తుంది? కార్డు నంబరు గూడ అడుగుతుంది?"

మా పేరు నమ్మి ఎవరైనా కార్డు నంబరు ఇచ్చేస్తే? వెంటనే శిరీషకు ఫోన్ చేసి చెప్పాను.

"పెద్దమ్మా, సెక్యూరిటీ స్కాన్ చేయాలె. దొంగ ఏ కంతల నుంచి దూరిండో గప్పుడే తెలుస్తది. ముందుగాల గీ డొమైన్ నీదేనని రుజువు కావాలె."

డొమైన్ అంటే ఇంటర్నెట్‌లో మన దుకాణం పేరు, చిరునామా.

"నాదిగాక ఎవలదే? మీ పెద్దనాయిన డెత్ సర్టిఫికెట్ ఉన్నది, గిర్ని లైసెన్స్ ఉన్నది. పంపాల్నా?"

"అవి పనికిరావు. స్కాన్ అంటే తలుపు తలుపు గుంజి చూసుడు. అడిగినోళ్లందరికీ చేసిపెడితే, దొంగ గూడ పక్కోళ్ల ఇల్లు చూపెట్టి చేయించుకుంటడు."

స్కాన్ చేసే చోట పొడవాటి కోడ్ ఒకటి ఇస్తారట. దాన్ని డొమైన్ ఖాతాలో టెక్స్ట్ రికార్డ్ అనే చిన్న రాతగా పెట్టాలి. లోపలికి వెళ్లగలిగినవాళ్లే పెట్టగలరు కనుక అదే రుజువు. వెబ్‌సైట్‌లో ఒక ఫైల్ పెట్టినా చాలట గానీ, దొంగ వెబ్‌సైట్ పాస్‌వర్డ్ మార్చేశాడు. డొమైన్ ఖాతా తెరవాలంటే ఓటీపీ రావాలి. అది నా భర్త నంబరుకు పోతుంది. ఆయన పోయాక దానికి నేను రీచార్జ్ చేయించలేదు. కంపెనీవాళ్లు ఇంకెవరికో ఇచ్చేశారు.

ఆ నంబరు కలిపాను. ఆయన నంబరులో వేరే మగమనిషి పలికాడు. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను.

"ఓటీపీ చెప్పాల్నా? మంచిగనే దొరికినవ్. పొద్దున లేస్తే గిట్లాంటోళ్లే," అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే తిట్టాడు. ఏడుస్తూ ఇంకోసారి చేశాను.

"ఫోన్‌ల చెప్ప. నిజమే అయితే మా తండాకు రా. నస్రుల్లాబాద్ దాటినంక ట్రాక్టర్ గోపాల్ అని అడుగు."

పోయాను. ఈలోపల ఇంకెవరు ఆ పేజీ తెరిచారోనని దారి పొడుగునా అదే ఆలోచన. గోపాల్ నా కాగితాలు తిప్పి చూసి వెనక్కి ఇచ్చాడు.

"గిసువంటివి జిరాక్స్ సెంటర్ల ఎన్నైనా చేస్తరక్కా. ఏమనుకోకు."

నేను అక్కడే కూలబడ్డాను. అతను తల గోక్కున్నాడు.

"గీ నంబరు తీసుకున్నప్పటి సంది రుద్రూర్ నుంచి ఒకామె ఫోన్ చేస్తనే ఉంటది. సేటు లేడా, కారం ఏదీ అని నా పానం తీస్తది. ఆమెతోని మాట్లాడు, చూస్త." ఆమెకు కలిపి, స్పీకర్ పెట్టి ఫోన్ నా చేతికిచ్చాడు. రుద్రూర్ అనగానే మా పాత గిరాకీ అని పోల్చుకున్నాను.

"సుశీలమ్మా..." అన్నానో లేదో, అవతల ఒకటే నవ్వు. "ఓ గిర్ని రాజవ్వా! యాడికి పోయినవే? నీ గొంతు ఇంకా గిర్ని తీర్గనే గరగరమంటుంది!"

ఏళ్ల తరబడి కారం దుమ్ము మింగిన గొంతు నాది. ఫోన్‌లో విన్నవాళ్లు మగమనిషి అనుకుంటారు. అది నాకెప్పుడూ చిన్నతనంగానే ఉండేది.

గోపాల్ ఫోన్ తీసుకున్నాడు. "ఇగ నమ్మిన, నువ్వే అక్కా. పంపమను ఓటీపీ."

అతను అంకెలు చదివాడు, నా ఫోన్‌లో విని శిరీష రికార్డ్ పెట్టింది. అయినా స్కాన్ చేసే చోట వెంటనే ఒప్పుకోలేదు. కొత్త రికార్డ్ ఇంటర్నెట్ అంతటా తెలియడానికి టైం పడుతుందట. నా కళ్లు ఫోన్ మీదే. చివరికి, "వెరిఫై అయింది పెద్దమ్మా!" అని శిరీష కేక.

నేను లేవబోయి మళ్లీ కూర్చున్నాను. "తమ్మీ, ఇంకొక్క ఓటీపీ చెప్పు. ఖాతాల నా నంబరు వేయించుకుంట."

"అయితే ఇన్నొద్దులు నీ దుకాణం నా చేతులనే ఉన్నదా అక్కా?" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. అతను చదివిన అంకెలు శిరీషకు చెప్పి ఖాతాలో నా నంబరు వేయించాను.

ఆ స్కాన్‌లో కంత దొరికింది. ఆర్డర్లు తీసుకునే సాఫ్ట్‌వేర్ పాతబడి ఉంది, ఆయన పోయాక దాన్ని ఎవరూ అప్‌డేట్ చేయలేదు. డొమైన్ ఖాతా నుంచి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకొని, శిరీష ఆ కంత మూసి జూదం పేజీ తీసేసింది. మా గిరాకీలందరికీ ఫోన్ చేసి, ఎవరూ కార్డు నంబరు ఇవ్వలేదని తెలిశాకే అన్నం తిన్నాను.

ఇంట్లో మనిషి పోతే బ్యాంకులో, భూమి కాగితాల్లో పేరు మార్చుకుంటాం. ఆయన ఫోన్ నంబరు ఏయే తాళాలు తెరుస్తుందో ఎవరూ అడగరు, నేనూ అడగలేదు. నా తాళం దొరికిన మనిషి, ముక్కూమొహం తెలియనివాళ్లకు ఓటీపీ చెప్పనని తిట్టేవాడు కాబట్టి బతికిపోయాను. మీరు మాత్రం, ఏడుపు ఆగని రోజులే అయినా, ఆ సిమ్ పని చేస్తుండగానే ఆ సంగతి కనుక్కోండి.