అమ్మ చేతి మందు

మా అమ్మ పచ్చకామెర్లకు ఆకుమందు ఇచ్చేది. అత్తిమంజేరిపేట దగ్గర మా ఊళ్ళో ఆదివారం తెల్లవారిందంటే చాలు, మా వాకిట్లో పచ్చటి కళ్ళతో మనుషులు కూర్చుని ఉండేవాళ్ళు. పరగడుపున రావాలి. ఆకు నూరి మజ్జిగలో కలిపి ఇస్తే ఒక్క గుక్కలో తాగాలి. ఇచ్చినందుకు పైసా తీసుకోకూడదు, వచ్చినవాళ్ళను లేదని పంపకూడదు. ఆ ఆకు ఏదో ఇంట్లో ఒక్క మనిషికే తెలియాలి, అదీ అత్త నుంచి కోడలికే రావాలి. చెప్పిన రోజున చెప్పినవాళ్ళ చేతిలో మందు పోతుంది, విన్నవాళ్ళ చేతికి వస్తుంది. మా నాయనమ్మ అమ్మకు చెప్పిన తర్వాత చాలా ఏళ్ళు బతికింది గానీ, మళ్ళీ ఆ ఆకును ముట్టుకోలేదు.

చిన్నప్పుడు నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. అమ్మది ఒకటే మాట.

"నువ్వు ఒకరింటికి పోయేదానివి. నీకు చెప్తే మందు నీతోనే పోతాది. తమ్ముడికి పెండ్లి కానీ, కోడలికి చెప్తాను."

నాకు ఒళ్ళు మండేది. ఎండలో అమ్మ వెనకాల కొండదారిలో ముల్లుకంపలు తొక్కేది నేను, ఎవరో రాబోయే పిల్లకు మాత్రం మందు! సగం దారిలో నన్ను బండ మీద కూర్చోబెట్టి, తాను ఒక్కతే పైకి వెళ్ళి కోసుకొచ్చేది.

తమ్ముడికి పెళ్ళి కాలేదు. కవరైపేట్టై పక్కన ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాడు. పోయినేడు చలికాలంలో కళ్ళు పచ్చబడి ఇంటికొచ్చాడు. అమ్మ మందిచ్చింది. ఒక ఆదివారం, రెండో ఆదివారం, మూడో ఆదివారం. నేను ఉద్యోగం చేసే తిరువళ్ళూరు నుంచి రోజూ ఫోన్ చేసేదాన్ని. "అమ్మ మందిస్తా ఉండాది కదక్కా" అనేవాడు. మూడో వారం మాట తడబడింది. అమ్మను చూసి ఎవరని అడిగాడు. అప్పుడు ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. రెండు రోజులకు పోయాడు. ముప్పై ఏళ్ళవాడు.

ఇంత జరిగినా జనం మానలేదు, చూడండి. కర్మలు అయిన మరుసటి ఆదివారమే వాకిట్లో నలుగురు కూర్చున్నారు. అమ్మ లేచి ఆకు నూరింది. ఆ సంగతి తెలిసి ఫోన్లోనే అరిచాను.

"నీకు సిగ్గుందా అమ్మా? కన్నకొడుకును మింగినా బుద్ధి రాలేదా?"

"వాకిట్లోకి వచ్చినవాళ్ళను లేదని ఎట్ట పంపేది పాపా?" అంది.

మూడు నెలలు ఊరికి పోలేదు. ఫోన్ చేసినప్పుడల్లా నోటికొచ్చినట్టు అనేదాన్ని. అమ్మ వినేది.

నడివేసవిలో కత్తిరి ఎండలు మొదలైనాక అమ్మే ఫోన్ చేసింది. "శనివారం రా. తెల్లారితే కొండకు పోవాల."

నాకు అర్థమైంది. ఇక కోడలు రాదు. అందుకని మందు నా నెత్తిన పెట్టాలని చూస్తోంది. వద్దని మొహాన చెప్పడానికే బయలుదేరాను. తిరుత్తణిలో బస్సు మారి ఊరు చేరేదాకా అనాల్సిన మాటలు మనసులో నూరుకుంటూనే ఉన్నాను.

ఆదివారం చీకటి విడవకముందే బయలుదేరాం. ఆకు కోయడానికి పోయేటప్పుడు అమ్మ మాట్లాడేది కాదు, అది పద్ధతి. ఆ రోజు మాత్రం దారి పొడుగునా మాట్లాడింది. తంగేడు ఎండి పుల్లలైపోయిందని, ఈ ఏడు కలివిపండ్లు కోయడానికి ఎవరూ రాలేదని, బలుసుపొదలో పాము కనపడిందని. నేను ఊఁ అనకుండా నడిచాను. కాలి కింద పల్లేరుకాయలు, చీరకు ఉత్తరేణి గింజలు, చెవుల చుట్టూ జోరీగలు. తట్టి కొడితే తప్పుకుంటాయి, రెండడుగులు వేస్తే మళ్ళీ వస్తాయి. కలివిపొద పక్కనుంచి వంగి పోతుంటే కందిరీగ మెడ మీద కుట్టింది. అమ్మా అని కూలబడ్డాను.

అమ్మ గబగబా వచ్చి మెడ చూసి, తమలపాకుల సంచిలోంచి సున్నం తీసింది.

"ఇది కూడా నీ మందేనా? ఇంకో మూడు వారాలు ఆగి చూద్దామా?" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అమ్మ సున్నం రాసి, కొంగుతో నా ముఖం తుడిచి, "లే, ఎండెక్కతాది" అంది.

చిన్నప్పుడు నేను కూర్చునే బండ దాటి పైకి తీసుకెళ్ళింది. ఎండాకాలంలో కూడా అక్కడ రాతి సందులో కొంచెం తేమ ఉంటుంది. ఆ తడికి చుట్టూ పచ్చగా నాలుగు రకాల మొక్కలు. అమ్మ వంగింది.

"చూపించొద్దు. నాకొద్దు. నేను ఎవరికీ ఇయ్యను" అన్నాను.

"ఇయ్యొద్దనే కదా నీకు చెప్పేది" అంది అమ్మ.

నాకు అర్థం కాలేదు. అమ్మ బండకు ఆనుకుని కూర్చుంది.

"నా చేతిలో ఉన్నంతవరకు లేదని చెప్పలేను పాపా. అబద్ధమైపోతాది. నీకు చెప్పేస్తే నాది కాదు. ఇంక వచ్చినోళ్ళకు లేదని నిజంగా చెప్పొచ్చు. నీకు నోరుంది. ఎవురు అడిగినా ఆసుపత్రికి పొమ్మంటావు. నీకు అది చాతనవతాది, నాకు కాదు."

ఒక మొక్కను వేళ్ళతో సహా పీకి నా చేతిలో పెట్టింది. ఏదో మహామూలిక అనుకున్నాను ఇన్నేళ్ళూ. వానాకాలంలో మా ఆఫీసు గోడ వారన మొలిచేదే, రోజూ తొక్కుకుంటూ పోయేదే. దాని పేరు ఇక్కడ రాయను.

"నువ్వు పావడా కట్టుకునే రోజుల్లో అడిగితివే" అంది అమ్మ. "అప్పుడే చెప్పేసుంటే, వాడు వచ్చిననాటికి నా చేతిలో మందే లేదు కదా. ఆసుపత్రికే పిలుచుకోని పోయుందును."

ఏడుపు ఆగలేదు నాకు. అమ్మ ఏడవలేదు. గండుచీమలు మా ఇద్దరి కాళ్ళ మీదికి ఎక్కి కరుస్తుంటే తనే వంగి నా కాళ్ళు దులిపింది.

దిగి వచ్చేసరికి వాకిట్లో ఒకామె, ఆమె ఒళ్ళో ఏడేళ్ళ పాప. "మంజకామాల అమ్మా" అంది తమిళంలో, పాప కంటి రెప్ప పైకెత్తి పచ్చదనం చూపిస్తూ. అమ్మ చేతులు జోడించింది.

"నా చేతిలో మందు లేదు తల్లీ. మా పాపకు ఇచ్చేసినాను."

ఆమె నా వైపు తిరిగింది. నేను ఇవ్వనని, ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పాను. ఆమె బోరుమంది. ఇంత దూరం నమ్మి వచ్చామని, ఈ పెద్దమ్మ చేతి మందు తప్ప ఇంకేదీ ఎరగమని కాళ్ళు పట్టుకోబోయింది. నేను కదల్లేదు. అమ్మ లోపలికెళ్ళి తువ్వాలు భుజాన వేసుకుని, నీళ్ళ సీసా తీసుకుని వచ్చింది.

"లే అమ్మా. నేను వస్తాను తోడు" అని ఆమెను లేపి, నాతో "నువ్వు వాకిట్లో ఉండు పాపా, ఇంకా వస్తారు, వాళ్ళకు చెప్పు" అని వాళ్ళతో ఆటో ఎక్కింది.

ఆ పూట ఇంకో ముగ్గురు వచ్చారు. ముగ్గురినీ పంపాను. ఒకాయన తిట్టి పోయాడు.

అమ్మ పొద్దు వాలాక వచ్చింది. కాళ్ళు కడుక్కుని గడప మీద కూర్చుంది.

"రక్తం తీసి చూసినారు. పాపకు భయం లేదంట." తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుంది. "ఆ డాక్టరమ్మను అడిగినాను. నా కొడుకును మొదటి వారమే తెచ్చుంటే బతికుండునా అని."

"ఏమంది?"

"ఎన్నేండ్లమ్మా అని అడిగింది. ముప్పై అన్నాను. కుర్చీ చూపించి కూర్చోమనింది."

అప్పుడిక దాచుకోలేకపోయాను. మూడు నెలలుగా ఎవరికీ చెప్పని మాట.

"అమ్మా, వాడు రెండో వారంలో ఒకసారి నన్ను అడిగాడే. కడుపు ఉబ్బినట్టుంది, డాక్టరుకు చూపించేదా అక్కా అని. అమ్మ మందు మధ్యలో ఆపితే పని చెయ్యదురా, తాగు అన్నాను. నేనే అన్నాను."

"తెలుసు" అంది అమ్మ.

"ఎట్లా?"

"ఫోను పెట్టేసి వచ్చి వాడే చెప్పినాడు. అక్క కూడా తాగమనిందమ్మా, ఇయ్యి అని."

అని లేచి లోపలికెళ్ళి పొయ్యి ముట్టించింది. మూడు నెలలు నేను ఫోన్లో నోటికొచ్చినట్టు అంటున్నప్పుడు, ఆ ఒక్క మాట నా మీదికి తిప్పి అనలేదు మా అమ్మ.