చేతిపట్టీ మీద రెండక్షరాలు

మా ఎలీషా బావ మంచివాడు. ఈ మాట ముందే రాసేస్తున్నాను, తర్వాత రాయడానికి నాకు మనసు రాకపోవచ్చు. దొర్నిపాడులో కూలికి పోయే ఇంట్లో పుట్టి, వాళ్ళ వంశంలో మొదటిసారి బడికి వెళ్ళి, డీఎస్సీలో ఇంగ్లీషు సారు ఉద్యోగం కొట్టాడు. ఆళ్లగడ్డలో పిల్లలకు గ్రామరు నూరిపోస్తాడు. అయితే ఇరవై ఏళ్ళ కిందట ఎవరైనా ఎదురుగా నిలబడి ఇంగ్లీషులో పలకరిస్తే ఆయనకు చెమటలు పట్టేవి. ఆ సంగతి పెళ్ళాం దగ్గర దాచాడు. గొడవంతా అక్కడే మొదలైంది.

ఆ పెళ్ళాం మా మేరీ అక్క, మా పెదనాయన కూతురు. పెదనాయన పోయాక ఆమె పెళ్ళి మా నాయన సామ్యేలే చేశాడు. నాయన నంద్యాలలో రైల్వే గార్డుగా ఉండేవాడు. రైలు క్యాంటీన్లో వంట చేసే ఆయన స్నేహితుడు గురుస్వామి గోవాలో సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద రిసార్టులో చేరాడు. ఆయన్ను పట్టుకొని, కొత్త దంపతులు అక్కడ మూడు రోజులు ఉండేలా నాయన ఏర్పాటు చేశాడు. గది, తిండి, పడవ షికారు, అన్నీ అందులోనే.

రిసార్టులో దిగగానే ఇద్దరి చేతులకూ నీలం పట్టీలు వేశారు. అక్క తల దువ్వుకుంటుంటే బావ ఒక్కడే భోజనాల హాలు చూడ్డానికి వెళ్ళాడు. తెల్లగుడ్డ పరిచిన బల్లలు, ముళ్ళ చెంచాలు, కత్తులు. టై కట్టుకున్న మనిషి కుర్చీ జరిపి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. బావకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంగ్లీషు సారును చేసుకున్నానని మురిసిపోతున్న పిల్ల ఇంకో పావుగంటలో ఆ కుర్చీలోనే వచ్చి కూర్చుంటుంది. గదికి తిరిగొచ్చి అబద్ధమాడాడు.

"మీ చిన్నాయన గది ఒక్కటే మాట్లాడినాడంట మేరీ. తిండి అందులో లేదంట."

"మరి దీని మీద ఏ, ఐ అని ఉండాదే?" అక్క చేతిపట్టీ చూపించింది.

"ఏ అంటే ఏ బ్లాకు. ఐ అంటే రోమన్ అంకె, ఒకటో అంతస్తు."

గ్రామరు సారు కదా, అబద్ధం కూడా తప్పుల్లేకుండా చెప్పాడు. పెద్దమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడితో రెండు రోజులు గడిచాయి. బయట కొనుక్కునేంత డబ్బు లేక, మూడో రోజు అక్క మంచినీళ్ళు తాగి పడుకుంది.

ఆమె పౌరుషం గల మనిషి. తిరిగొచ్చాక నాయనను ఒక్క మాట అడిగి ఉంటే ఆ రోజే అంతా తేలిపోయేది. అడగలేదు. మా ఇంట్లో మెతుకు ముట్టడం మానేసింది. నా పెళ్ళికి కూడా వచ్చి, ప్రార్థన అయ్యేదాకా కూర్చుని, భోజనాల వేళకు లేచింది. "కొత్త పెండ్లికూతుర్ని పస్తు పెట్టినోళ్ళ ఇంట్లో నాకేం తిండి" అని మా అమ్మతో అనింది. అమ్మ వచ్చి అడిగితే నాయన తల వంచుకున్నాడు. తన మొగుడు పిసినారి అనుకుంటూనే అమ్మ కన్నుమూసింది. నేనూ అలాగే అనుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

పోయిన సంవత్సరం డిప్లొమా అయి కొత్తగా ఉద్యోగంలో చేరిన వాళ్ళ కొడుకు వినీత్, అమ్మానాన్నల పెళ్ళయి ఇరవై ఏళ్ళయిందని అదే రిసార్టు బుక్ చేశాడు. బావ సాకులు వెతికాడు. సెలవు దొరకదన్నాడు. పన్ను నొప్పన్నాడు. "వెలుగోడు డ్యాము చూసొద్దాం పా, అవీ నీళ్ళే గదా" అని కూడా అన్నాడు. అక్క పెట్టె సర్దేసింది.

నంద్యాలలో రైలెక్కిన దగ్గర నుంచి నిజం చెప్పేద్దామనే అనుకున్నాడట. డోన్‌లో అనుకున్నాడు, గుంతకల్లులో అనుకున్నాడు. అక్కేమో కిటికీ పక్కన కూర్చుని, "ఈసారి ఆ హాల్లో కూర్చొని తినల్ల సారూ. చిన్నాయన పెట్టకుంటే ఏం, నా కొడుకు పెడ్తాండాడు" అంది.

రిసార్టు కౌంటర్లో ఉన్న అమ్మాయి కొత్త పట్టీలు తీసింది. అక్క సంచిలోంచి బైబిలు తీసి, పేజీల మధ్య ఇరవై ఏళ్ళుగా దాచుకున్న పాత పట్టీ బయటపెట్టింది. బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అదెందుకిప్పుడు, లోపల పెట్టు."

"ఉండు, ఈమెకు చూపిచ్చల్ల."

అక్క అంగన్‌వాడీ టీచరు. ఆళ్లగడ్డ సాయిబుల వీధిలో నేర్చిన హిందీ ఉంది. ఈసారి కూడా ఏ బ్లాకేనా అని అడిగింది. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. పాత పట్టీ, కొత్త పట్టీ పక్కపక్కన పెట్టి చూసింది. రెండింటి మీదా అవే అక్షరాలు. చెప్పబోయింది.

అప్పుడు బావ ఇంగ్లీషులో మాట్లాడాడు. ఇరవై ఏళ్ళ కిందట రాని ఇంగ్లీషు ఆ పూట గడగడా వచ్చింది. అయితే, "ప్లీజ్, డోంట్ టెల్ హర్" అనే ముక్క అర్థం కావడానికి అక్కకు డీఎస్సీ అక్కర్లేదు.

"ఏం చెప్పొద్దంటాండావు?" అంది.

ఆ అమ్మాయి బెదిరిపోయి, ఏ, ఐ అంటే ఆల్ ఇన్‌క్లూజివ్, పట్టీ ఉన్నవాళ్ళకు తిండి, పానీయాలు అన్నీ ఇస్తామని చెప్పే గుర్తేనమ్మా, మొదటి నుంచీ అంతే అని హిందీలో చెప్పేసింది. అక్క బావ ముఖం వంక చూసింది. తర్వాత అక్కడే నిలబడి మా నాయనకు ఫోన్ చేసింది.

నంద్యాలలో ఆ ఫోన్ ఎత్తింది నేనే. పెళ్ళయ్యాక కూడా నేను నాయన దగ్గరే ఉంటున్నాను. ఆయనకు చెవులు సరిగ్గా వినపడవని స్పీకరు పెట్టాను.

"చిన్నాయనా, అప్పుడు మాకు తిండి కూడా మాట్లాడింటివా?"

"ఇప్పుడెందుకు తల్లీ అది."

"మాట్లాడింటివా, లేదా?"

"అన్నీ మాట్లాడింటి."

"మేం తినలేదు."

"తెల్సు. గురుస్వామి ఆ పొద్దే ఫోన్ చేసినాడు. పిల్లోడు హాల్లో కుర్చీ కాడికొచ్చి బెదిరి ఎనక్కి పోయినాడని చెప్పినాడు."

"తెల్సి ఇన్నేండ్లు నా చేత మాటలు పడ్తివా? ఒక్క మాట చెప్పింటే ఏం పోయేది?"

"పెండ్లయి నాలుగు దినాలు. నీ మొగుడు అబద్ధాలకోరని నా నోటితో ఎట్ల చెప్పేది? పిసినారి చిన్నాయన ఉంటే నీ కాపురానికేం నష్టం ల్యాదు. అబద్ధాలాడే మొగుడైతే యాడ నిలబడ్తావు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ బావకు ఇమ్మని అరిచాను. నాయన నా చేతిలోంచి ఫోన్ లాక్కుని కట్ చేశాడు.

అక్క ఆ హాల్లో తినలేదు. మరుసటి రోజే తిరుగు రైలెక్కి, నంద్యాల స్టేషన్ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. కంచం తానే తీసుకుని నాయన పక్కన కూర్చుంది. పప్పన్నం కలిపి, ఏడుస్తూ తింది. నాయన కూడా ఏడ్చాడు. బావ గేటు బయట నిలబడ్డాడు.

అక్క ఆయన్ను వదిలిపెట్టలేదు. వండి పెడుతుంది, మాట్లాడుతుంది. సారూ అని పిలవడం మాత్రం మానేసింది.

ఇప్పుడు ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ మా ఇంటికి వస్తారు. అక్క తింటుంది. బావ వరండాలో కూర్చుంటాడు. "రాప్పా, చెయ్యి కడుక్కో" అని నాయన ప్రతిసారీ పిలుస్తాడు. "తినొచ్చినా మామా" అంటాడు బావ. తినలేదని మా అందరికీ తెలుసు. వడ్డించేది నేను. నేను పిలిస్తే వచ్చి కూర్చుంటాడని కూడా నాకు తెలుసు. ఇంకా పిలవలేదు.